మొదటి 18 మీటర్లు: ఇంటి బండితో డ్రాగ్ రేసు

మా స్కార్పియో 2011 నాటిది. 2021లో హనుమకొండలో తెలిసినవారి దగ్గర 3,60,000 రూపాయలకు కొన్నాం. అది నా బండి అనడం కంటే మా ఇంటి బండి అనడమే సబబు. మిర్చి కోతలు మొదలైతే బాపు అందులోనే బస్తాలు వేసుకొని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తాడు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు తొమ్మిది మందిమి, అమ్మవార్లకు మొక్కిన బంగారంతో, అంటే బెల్లంతో సహా, అందులోనే వెళ్లి వచ్చాం. అదే ఏడాది డిసెంబరులో, పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విమానపు పట్టీ (ఎయిర్‌స్ట్రిప్) మీద, ఆ బండితోనే నేను 402 మీటర్ల డ్రాగ్ రేసు ఆడాను. ఇంజిన్‌లో ఏ మార్పూ చేయలేదు. మొత్తం ఖర్చు 40,000 రూపాయలు. నా వంటి బండి, నా వంటి జేబు ఉన్న వారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో అప్పటి లెక్కలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

డ్రాగ్ రేసులో రెండు వాహనాలు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే బయలుదేరి, వంపు లేని దారిలో పావు మైలు దూరం, అంటే 402 మీటర్లు పరుగెత్తుతాయి. మలుపులు లేవు, చుట్లు లేవు. చూడటానికి అంతకంటే సులువైన పందెం లేదనిపిస్తుంది. కానీ ఆ 402 మీటర్లను గడియారం ముక్కలుగా కొలుస్తుంది: మొదటి 60 అడుగులు, అంటే దాదాపు 18.3 మీటర్లు, ఎంతసేపట్లో దాటాం, సగం దూరం ఎంతసేపట్లో దాటాం, మొత్తం ఎంతసేపు పట్టింది, గీత దాటేటప్పుడు వేగం ఎంత అన్నవి విడివిడిగా చీటీ మీద అచ్చవుతాయి. ఆ చీటీ చదవడం నేర్చుకుంటే బండిలో ఎక్కడ లోపముందో, మనలో ఎక్కడ లోపముందో తెలిసిపోతుంది. నన్ను ఈ ఆటకు కట్టిపడేసినది వేగం కంటే ఎక్కువగా ఆ చీటీయే.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. కాజీపేట దాటిన తరువాత హైదరాబాదు వైపు జాతీయ రహదారి నాలుగు వరుసలైనప్పటి నుంచి, రాత్రివేళల్లో అక్కడ బండ్లు పోటీకి నిలబెట్టుకుందామని నన్ను పిలిచిన మిత్రులు ఉన్నారు. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ దారిలో దీపాలు లేని ట్రాక్టర్లు వస్తాయి, పొలాల నుంచి గొడ్లు దాటుతాయి, ఎదురు వరుసలో ద్విచక్ర వాహనాలు వస్తాయి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారి 3 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, రెండు టన్నుల బండిని నూరు దాటిన వేగంలో అదుపు చేయలేకపోతే చనిపోయేది పందెం వేసినవాడొక్కడే కాదు. రోడ్డు మీద కొలిచే గడియారం కూడా ఉండదు కాబట్టి ఆ పరుగులో నేర్చుకునేదీ ఏమీ లేదు.

మా ఊరికి ఇరవై నిమిషాల దూరంలో మామునూరులో 1930లో నిజాం హయాంలో కట్టిన విమానాశ్రయం ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా నా కళ్లు పట్టీ వైపే పోతాయి. కానీ అది మనకు దొరికేది కాదు, దాన్ని తిరిగి విమానాల కోసమే సిద్ధం చేస్తున్నారు, అది జరగడమే వరంగల్‌కు మంచిది కూడా. కాబట్టి నాకు మిగిలింది దూర ప్రయాణం. ఆ ప్రయాణానికి ముందు ఇంట్లో ఏం చేయగలనో వెతకడంతోనే నా అసలు పని మొదలైంది.

ఆటోనగర్‌లో మా బండిని చూసే మెకానిక్ వయసులో పెద్దవాడు, లారీల నుంచి కార్ల వైపు వచ్చినవాడు. రేసు సంగతి చెప్పి, ఇంజిన్‌కు ఏం చేయిద్దామని అడిగాను. ఆయన బానెట్ వైపు కూడా చూడలేదు. "తమ్మీ, ఈ బండి బరువెంతనో నీకెరికేనా? కాంట మీద ఎన్నడన్న పెట్టినవా?" అన్నాడు. పెట్టలేదు. మూడేళ్లుగా నడుపుతున్న బండి బరువు నాకు తెలియదు. ములుగు రోడ్డులో లారీలు తూచే ధర్మకాంట ఉంది. నిండు ట్యాంకుతో, నేను సీట్లో కూర్చొని, బండిని ఉన్నదున్నట్టుగా ఎక్కించాను. చీటీ మీద 2,010 కిలోలు వచ్చింది. అటువంటి కాంటాలు ఐదు, పది కిలోల తేడాను పట్టించుకోవు. నా అవసరానికి ఆ సూక్ష్మత చాలు.

బరువు తెలిసిన తరువాత లెక్క వేయడం సాధ్యమైంది. అమెరికాలో ఈ ఆట ఆడేవారు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న సూత్రం ఒకటి ఉంది. దాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే, బండి బరువును కిలోల్లో తీసుకొని, అశ్వశక్తితో భాగించి, వచ్చిన దానికి ఘనమూలం కట్టి, 7.58తో గుణించాలి, పావు మైలుకు పట్టే సెకన్లు సుమారుగా వస్తాయి. మా బండిలో ఉన్నది 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ ఇంజిన్, కొత్తలో దాని శక్తి 120 అశ్వశక్తి. 2,010ని 120తో భాగిస్తే 16.75, దాని ఘనమూలం 2.56, సమయం 19.4 సెకన్లు. ఘనమూలం ఉంది కాబట్టి ఈ సూత్రం మనిషిని నేల మీద నిలబెడుతుంది. సమయాన్ని సగానికి తేవాలంటే శక్తిని రెండింతలు చేస్తే సరిపోదు, ఎనిమిది రెట్లు చేయాలి. అదే సూత్రం ప్రకారం బరువును పదో వంతు తగ్గిస్తే సమయం మూడున్నర శాతం తగ్గుతుంది. అది తక్కువగా కనిపించవచ్చు, కానీ 19 సెకన్ల బండికి మూడున్నర శాతమంటే ముప్పావు సెకనుకు కాస్త తక్కువ, నూరు కిలోమీటర్ల పైన పరుగెత్తే బండి అంతసేపట్లో ఇరవై మీటర్లు పోతుంది.

ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చి శక్తి పెంచుతామని ఒకరు 35,000 అడిగారు. పెద్ద అల్లాయ్ చక్రాలు వేయిస్తే బండి పట్టు పెరుగుతుందని ఇంకొకరు 48,000 చెప్పారు. రెండింటినీ వదులుకున్నాను. మొదటిది ఎందుకు వద్దనుకున్నానంటే, 13 ఏళ్ల నాటి ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్ మీద అదనపు భారం వేసి, మరునాడు అదే బండిలో బాపును మార్కెట్‌కు పంపడం నాకు న్యాయమనిపించలేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదన్న సంగతి కూడా ఉంది. రెండోది మరీ దండగ. చక్రం బరువు మామూలు బరువు కాదు. దాన్ని ముందుకు తోయడమే కాకుండా తిప్పడానికి కూడా ఇంజిన్ శక్తి ఖర్చు చేయాలి. బరువైన పెద్ద చక్రం వేసి బండి త్వరగా కదలాలని ఆశించడం బస్తా ఎత్తుకొని పరుగు పందేనికి నిలబడటం వంటిది.

బరువు తీయడానికి మాత్రం ఒక్క రూపాయి కూడా కాలేదు. ఇంట్లో మిర్చి బస్తాలు తూచే కాంటా మీద ప్రతి వస్తువునూ విడిగా తూచి నోటుబుక్కులో రాసుకున్నాను. పైన ఉన్న క్యారియర్ 20 కిలోలు. ముందు ఉన్న ఇనుప గార్డు 30 కిలోలు. అటువంటి గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది, ప్రమాదంలో పాదచారులకు, బండిలో ఉన్నవారికి కూడా అవి చేటు చేస్తాయి, కాబట్టి దాన్ని తీసి మళ్లీ బిగించలేదు. స్టెప్నీ 28 కిలోలు. వెనుక ఎదురెదురుగా ఉండే రెండు సీట్లు కలిపి 40 కిలోలు. నాలుగేసి బోల్టులు విప్పితే వస్తాయి, పండుగకు మళ్లీ బిగించవచ్చు. డీజిల్ విషయం చాలామంది మరచిపోతారు: 60 లీటర్ల ట్యాంకు నిండితే దాదాపు 50 కిలోలు, 12 లీటర్లు మాత్రమే ఉంచితే 40 కిలోలు తగ్గుతుంది. జాకీ, పానాలు, తాళ్లు, పాత స్పీకరు పెట్టె, రబ్బరు పట్టాలు, సీటు కింద ఎప్పటివో రెండు నాగటి కర్రులు, అన్నీ కలిపి 22 కిలోలు. మొత్తం 180. మళ్లీ ధర్మకాంట ఎక్కితే 1,830 వచ్చింది. సూత్రం ప్రకారం 18.8 సెకన్లు. ఇంజిన్ ముట్టకుండానే కాగితం మీద 0.6 సెకన్లు దొరికాయి.

ఇక కాగితం దిగి నేల మీదికి రావాలి. అభ్యాసానికి 402 మీటర్ల దారి నాకు ఎక్కడా లేదు. కానీ పరకాల దారిలో మా మేనమామ రైస్ మిల్లు ఉంది, దాని వెనుక వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం దాదాపు 110 మీటర్ల పొడవు ఉంటుంది, వానాకాలం వడ్లు రాకముందు అక్టోబరు మొదట్లో అది ఖాళీగా ఉంటుంది. పూర్తి పరుగుకు అది చాలదు. మొదటి 18.3 మీటర్లకు చాలు, ఆ తరువాత నింపాదిగా ఆపుకోవడానికీ చోటు మిగులుతుంది. మొదట అది రాజీ అనుకున్నాను. ఆ రాజీయే నాకు దొరికిన పెద్ద మేలు. మొదటి 60 అడుగుల్లో 0.1 సెకను మిగిలిస్తే చివరి గీత దగ్గర 0.15 నుంచి 0.2 సెకన్ల వరకు మిగులుతుందని ఈ ఆటలో అందరూ ఒప్పుకున్న లెక్క, ఎందుకంటే మొదట్లో సంపాదించిన వేగాన్ని బండి మిగిలిన దూరమంతా వెంటబెట్టుకొని పోతుంది. బరువైన బండికి ఇది మరింత వర్తిస్తుంది. దానికి కదలడమే కష్టం.

కొలవడానికి యంత్రం కొనలేదు. ఫోన్‌లోని మామూలు జీపీఎస్ సెకనుకు ఒక్కసారే చోటు చెబుతుంది, మూడు సెకన్ల పనికి అది ఎందుకూ పనికిరాదు. కానీ అదే ఫోన్ కెమెరా నెమ్మది చిత్రణలో (స్లో మోషన్) సెకనుకు 240 చిత్రాలు తీస్తుంది. సున్నంతో నేల మీద రెండు గీతలు గీశాం, మధ్య దూరం టేపుతో 18.3 మీటర్లు కొలిచాం, చిన్నాన్న కొడుకు రెండు గీతలూ కనిపించేంత దూరంలో పక్కన నిలబడి చిత్రీకరించాడు. ముందు చక్రం మొదటి గీత విడిచినప్పటి నుంచి రెండో గీత తాకే వరకు చిత్రాలు లెక్కపెట్టి 240తో భాగించాలి. మొదటి రోజు సగటు 816 చిత్రాలు వచ్చింది, అంటే 3.4 సెకన్లు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే నా బడ్జెట్‌లో మూడో వంతు దానికే పోయింది. ఎక్కువ రేస్ ఇచ్చి క్లచ్‌ను ఒక్కసారిగా వదలడమే ఆరంభమని నేను అనుకున్నాను. బండి నిలిపి ఇంజిన్‌ను 3,000 ఆర్పీఎం (నిమిషానికి 3,000 చుట్లు) వరకు తెచ్చి వదిలేవాణ్ని. చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతాయని ఎదురుచూశాను, అవి జారలేదు. ఇంత బరువును మోస్తున్న వెనుక చక్రాలు, ఇంత శక్తి ఉన్న ఇంజిన్‌కు సిమెంటు మీద జారవు. చక్రం జారకపోతే ఇంజిన్ వేగానికీ చక్రం వేగానికీ ఉన్న తేడా అంతా క్లచ్ పలక మీద పడుతుంది. పదకొండో ఆరంభానికి కాలిన వాసన వచ్చింది, పన్నెండోదానికి ఇంజిన్ లేస్తోంది కానీ బండి లేవడం లేదు. క్లచ్ సెట్టు, కూలి కలిపి 13,500.

పాత పలక చేతిలో పెట్టి మెకానిక్ చెప్పిన మాట నాకు పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ నేర్పింది. "ఇది పెట్రోలు బండి కాదు తమ్మీ. ఊకె రేస్ ఇస్తే టర్బో నిండది. లోడు పడ్డంకనే నిండుతది." ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోను తిప్పేది ఇంజిన్ నుంచి బయటికి వచ్చే వేడి వాయువు. భారం లేకుండా ఇంజిన్‌ను ఎంత తిప్పినా డీజిల్ కొద్దిగానే పడుతుంది, కొద్దిగానే మండుతుంది, టర్బోకు తగినంత వాయువు అందదు. భారం మీద పడి, డీజిల్ ఎక్కువగా మండినప్పుడే అది ఊపిరి పీలుస్తుంది. మా ఇంజిన్ తన పూర్తి టార్క్ (తిప్పే బలం), 290 న్యూటన్ మీటర్లు, 1,800 నుంచి 2,800 ఆర్పీఎం మధ్య ఇస్తుంది. అందువల్ల 3,000 దగ్గర వదలడం అంటే మంచి భాగం దాటిపోయిన తరువాత, టర్బో ఖాళీగా ఉన్న సమయంలో, క్లచ్‌ను కాల్చుకుంటూ బయలుదేరడం.

కొత్త క్లచ్‌తో పద్ధతి మార్చాను. 2,000 దగ్గర నిలిపి, పట్టు దొరికే చోటికి పాదాన్ని వెంటనే తెచ్చి, అక్కడ అర సెకను కంటే తక్కువసేపు ఉంచి, బండి కదిలిన క్షణంలో పూర్తిగా వదిలి, అదే క్షణంలో కుడికాలిని నేల దాకా నొక్కడం. వినడానికి చిన్న సంగతి, చేతికి, కాలికి రావడానికి మూడు ఆదివారాలు పట్టింది. రోజుకు ఆరు ఆరంభాల కంటే ఎక్కువ చేయకూడదని, రెండింటి మధ్య పది నిమిషాలు క్లచ్ చల్లారాలని నియమం పెట్టుకున్నాను. మొదటి గేరు చాలా పొట్టిది, 18 మీటర్ల లోపే రెండో గేరు వేయవలసి వస్తుంది. రెండో గేరులోనే బయలుదేరితే ఆ మార్పు తప్పుతుందని ఒకసారి ప్రయత్నించాను, సమయం పెరిగింది, క్లచ్ కూడా వేడెక్కింది, మళ్లీ ఆ జోలికి పోలేదు. గేరు మార్పును 4,000 దాటనీయకుండా చేయడం మాత్రం ఫలించింది. డీజిల్ ఇంజిన్ అంతకు మించి అరుస్తుందే కానీ లాగదు. మూడో ఆదివారం సగటు 732 చిత్రాలు, అంటే 3.05 సెకన్లు. క్లచ్ ఖర్చు తీసేస్తే ఈ 0.35 సెకను పూర్తిగా ఉచితం. క్లచ్ ఖర్చు కలిపినా అది నేను పెట్టిన డబ్బులో బాగా ఖర్చయిన డబ్బే.

టైర్ల గాలి గురించి చాలామంది అడిగారు. వెనుక గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న సలహా తేలికైన, శక్తి ఎక్కువైన బండ్లకు పనికొస్తుంది. జారని చక్రానికి మరింత పట్టు ఇచ్చి ప్రయోజనం లేదు. పైగా ఎత్తైన బండికి మెత్తని టైరు ప్రమాదం. నేను నాలుగింటిలోనూ టైరు మీద రాసిన పరిమితికి లోబడి కాస్త ఎక్కువ గాలి పెట్టాను.

పరుగుకు సిద్ధం కావడమంటే ఆగడానికి సిద్ధం కావడం కూడా, బరువైన బండి విషయంలో దీన్ని మొదటి ఖర్చుగా పెట్టుకోవాలి. 1,830 కిలోల బండి 113 కిలోమీటర్ల వేగంతో గీత దాటితే దానిలో ఉన్న శక్తి తొమ్మిది లక్షల జౌల్స్. ఆ వేడి మూడు లీటర్ల నీటిని మరిగే దశకు తేగలదు, అందులో చాలా భాగం బ్రేకుల్లోనే పుట్టాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం, తేమ చేరిన తరువాత ఆ హద్దు 155కు పడిపోతుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి నేలకు తాకుతుంది. 700 రూపాయలతో దాన్ని మార్పించాను. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ 1,800. అమెరికాలో 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన, డ్రాగ్ రేసులు నడిపే జాతీయ హాట్ రాడ్ సంఘం కూడా, 2008లో స్కాట్ కలిట్టా అనే పోటీదారుడు దారి చివర ఆగలేక మరణించిన తరువాత, అత్యంత వేగమైన విభాగాల దూరాన్ని పావు మైలు నుంచి 1,000 అడుగులకు, అంటే 305 మీటర్లకు తగ్గించింది. ఆగడానికి పారాచూట్లు ఉన్న బండ్లకే ఆ జాగ్రత్త అవసరమైతే వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులున్న నా బండికి ఎంత అవసరమో ఆలోచించాను. గీత తరువాత కనీసం అర కిలోమీటరు ఖాళీ దారి ఉందని నిర్వాహకులను అడిగి తెలుసుకున్న తరువాతే ప్రవేశ రుసుము కట్టాను. మామూలు వాహన బీమా పందేలకు వర్తించదన్నది పాలసీలోనే రాసి ఉంటుంది, కాబట్టి అక్కడ ఏది విరిగినా నా జేబులోంచే పోతుందని ఇంట్లో ముందే చెప్పాను.

పోటీ చోటు మాకు దాదాపు 700 కిలోమీటర్లు. స్టెప్నీ, జాకీ లేకుండా హైవే ఎక్కడం తప్పు కాబట్టి వాటిని తీసుకొనే వెళ్లి, అక్కడ దించి టార్పాలిన్ మీద పెట్టాను. తనిఖీలో హెల్మెట్, సీటు బెల్టు, ఆయిల్ కారడం, లోపల వదులుగా ఉన్న వస్తువులు చూస్తారు. నా బ్యాటరీ బిగింపు పట్టీ వదులుగా ఉందని వెనక్కి పంపారు. వాళ్లు చేసింది సరైన పని. పక్క గుడారంలో ఉన్న ఒక కుర్రవాడు పానా ఇచ్చాడు, పావుగంటలో బిగించుకొని మళ్లీ వరుసలో నిలబడ్డాను.

మొదటి పరుగు 20.31 సెకన్లు. ఇంటి దగ్గర నేర్చుకున్నదంతా దీపాలు చూడగానే మరచిపోయి, మళ్లీ ఎక్కువ రేస్ ఇచ్చి, రెండు నుంచి మూడో గేరు మార్పులో తడబడ్డాను. 60 అడుగులకు 3.5 అని చీటీలో ఉంది. రెండో పరుగు 19.62. మూడోది నేను ఎప్పటికీ మరచిపోలేనిది, అందుకు దీపాల సంగతి కొంచెం చెప్పాలి. ఆరంభ గీత దగ్గర నేలకు అడ్డంగా సన్నని కాంతి కిరణం ఉంటుంది. మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తరువాత ఒకటి వెలిగి, తరువాత పచ్చదీపం వెలుగుతుంది. బండి గడియారం మాత్రం పచ్చదీపంతో మొదలు కాదు, చక్రం కిరణాన్ని విడిచినప్పుడు మొదలవుతుంది. పచ్చదీపానికి, చక్రం కదలడానికి మధ్య గడిచిన సమయాన్ని విడిగా కొలుస్తారు. మూడో పరుగులో నా పక్కన ఒక చిన్న పెట్రోలు కారు నిలబడింది. దాని సమయం 19.21, నాది 19.40. అయినా గీత ముందు దాటింది నేనే. అతను పచ్చదీపం తరువాత 0.95 సెకనుకు కదిలాడు, నేను 0.52కు కదిలాను, కలిపి చూస్తే అతనిది 20.16, నాది 19.92. నేను పచ్చదీపం కోసం ఎదురుచూడకుండా మూడో పసుపు దీపం వెలగగానే పాదం కదిపాను, ఎందుకంటే మా బండి బరువు కదలడానికి ఎంతసేపు తీసుకుంటుందో సున్నపు గీతల దగ్గర నాకు తెలిసిపోయింది. త్వరగా కదిలే తేలికైన బండితో అదే పని చేస్తే అది పచ్చదీపానికి ముందే కిరణాన్ని విడిచి, ఎర్రదీపం వెలిగి ఓడిపోవచ్చు.

నాలుగో పరుగు ఒంటరిగా, చల్లబడిన సాయంత్రం, 19.18. 60 అడుగులకు 3.04. గీత దగ్గర 113 కిలోమీటర్లు. సూత్రం చెప్పిన 18.8కీ దానికీ ఉన్న తేడా గేరు మార్పుల్లో ఉందని చీటీలోని సగం దూరపు అంకె చూపిస్తోంది. మా విభాగంలో నా కంటే వేగమైనవాళ్లు చాలామంది ఉన్నారు, బహుమతి ఏదీ రాలేదు. అమెరికాలో బండి తన సమయాన్ని ముందే అద్దం మీద రాసుకొని, నెమ్మది బండిని ఆ తేడా మేరకు ముందు వదిలి, రాసుకున్న దానికంటే వేగంగా పోతే ఓడినట్టు లెక్కించే పద్ధతి ఒకటి ఉంది. అందులో 19 సెకన్ల ఇంటి బండి 11 సెకన్ల బండిని న్యాయంగా ఓడించగలదు. ఆ పద్ధతి మన దగ్గర విస్తారంగా రావాలని నా గట్టి కోరిక. అప్పుడు ఈ ఆట డబ్బున్న వారి గ్యారేజీల నుంచి మా ఆటోనగర్ దాకా వస్తుంది.

ఖర్చు లెక్క పూర్తి చేస్తాను: క్లచ్ 13,500, రానుపోను డీజిల్ 11,500, ప్రవేశ రుసుము 5,000, హెల్మెట్ 4,500, బస, తిండి 3,000, ఫిల్టర్లు 1,800, బ్రేక్ ఆయిల్ 700. క్లచ్ తప్పు చేయకుండా ఉంటే 26,500తో అయిపోయేది.

తిరిగి వచ్చిన ఆదివారం వెనుక సీట్లు బిగించాను. ఫిబ్రవరిలో బాపుతో కలిసి ఎనుమాములకు ఆరు బస్తాలు తీసుకొని వెళ్తూ, దారిలో అదే ధర్మకాంట మీద బండి ఆపాను. ఎందుకని బాపు అడిగాడు. అలవాటైందని చెప్పి చీటీ తీసుకున్నాను. 2,330 కిలోలు. అంకెను నోటుబుక్కులో 1,830 పక్కన రాస్తుంటే ఆయన వంగి చూసి, "మల్లెప్పుడు పోతవ్?" అన్నాడు.